అత్తమ్మతో పంజాగుట్ట దాకా

ఆ రోజుల్లో నేను ఊరికే కూర్చున్నా నా కుడిపాదం ఆడుతూ ఉండేది. మిషను తొక్కే దర్జీకి కాలు ఆడటం వింతేమీ కాదు. కానీ అన్నం తినేటప్పుడు, క్షవరం చేయించుకునేటప్పుడు, ఎవరింటికైనా చావు పలకరింపుకు పోయి చాప మీద కూర్చున్నప్పుడు కూడా అది ఆడేది. నా భార్య మొదట్లో నవ్వేది. మా మూడేళ్ల కూతురు నా పక్కన చేరి నన్ను చూసి తనూ పాదం ఆడించడం మొదలుపెట్టాక ఆమె నవ్వడం మానేసింది.

మాది సిరిసిల్లలో నేతవాళ్ల ఇల్లు. మిల్లుగుడ్డ వచ్చి మగ్గాలకు పని తగ్గాక నేను పట్నం వచ్చి ఒక దర్జీ దగ్గర కుట్టుపని నేర్చుకున్నాను. పెళ్లయ్యాక అమీర్‌పేటలో రెండు గదుల మట్టి ఇంట్లో దిగాం. అమీర్‌పేట అప్పటికి పట్నంలో కలిసిన చోటు కాదు. నవాబుల తోటల పొడుగాటి ప్రహరీలు, వాటి వెనక జామచెట్లు, మోటబావులు, బర్రెల కొట్టాలు, బేగంపేట స్టేషను వైపు పోయే బండ్లబాట. పొద్దున్నే మోట తోలేవాళ్ల అదిలింపులు మా గోడ అవతల నుంచి వినిపించేవి. వినిపించేవని ఇప్పుడు అంటున్నాను గాని అప్పట్లో నేను విన్నట్టు జ్ఞాపకం లేదు.

యుద్ధం వచ్చాక బేగంపేటలో విమానాలు దిగడం ఎక్కువైంది. పటాలాలకు ఖాకీ బట్టలు కావలసి వచ్చాయి. ఒక గుత్తేదారు మా ఇంటికి కాస్త దూరంలో ఉన్న పాత గుర్రపుసాలను అద్దెకు తీసుకుని వరసగా మిషన్లు వేయించాడు. అతన్ని అందరం సేట్ అనేవాళ్లం. రేకుల కప్పు కింద అన్ని మిషన్లు ఒక్కసారి ఆడితే పక్కవాడి మాట వినపడేది కాదు. నేను కాలర్లు, చేతులు అతికించే పనిలో ఉన్నాను. అందరికంటే వేగం నాదే. కొత్తగా ఎవరైనా పనిలోకి వస్తే సేట్ వాళ్లను నా వెనక నిలబెట్టి, "గీయన చెయ్యి చూడు" అనేవాడు. ఆ మాట కోసమే నేను ఇంకా వేగంగా కుట్టేవాణ్ని. పని చెడగొట్టానని ఎవరూ అనలేదు. కుట్టు వంకర పోయేది కాదు.

కాజాలు మాత్రం చేత్తో కుట్టాలి. ఆ పని ఇళ్లకు పంపేవారు. నా భార్య వంటిల్లు సర్దుకున్నాక చొక్కాల కుప్ప ముందేసుకుని కూర్చునేది. అలా ఇద్దరం ఖాకీలోనే బతికాం. ఆ గుడ్డకు ఒక వాసన ఉండేది, తడిసిన గోనెసంచీ లాంటిది. అన్నంలో కూడా అదే వచ్చేది.

ఎప్పటి నుంచి మొదలైందో చెప్పలేను. ముందు నిద్ర పోయింది. తర్వాత అన్నం గొంతు దిగడం కష్టమైంది. ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడేది. ఎవరో వెనక నుంచి తరుముకొస్తున్నట్టు ఉండేది, తిరిగి చూస్తే ఎవరూ లేరు. బావి దగ్గర చేద నెమ్మదిగా పైకి వస్తోందని కోపం వచ్చేది. పొయ్యి మీద అన్నం ఉడకలేదని కోపం. నా కూతురు ఒక మాట పూర్తిగా చెప్పేలోపు, "ఊఁ, తర్వాత?" అనేవాణ్ని. ఆ పిల్ల నాతో మాట్లాడటమే తగ్గించింది. ఇరుగుపొరుగు దిష్టి అన్నారు. నా భార్య ఒక తాయెత్తు తెచ్చి కట్టింది. మిషను చక్రానికి తగులుతోందని నేను దాన్ని తీసేశాను.

ఒక మధ్యాహ్నం కాలరు కుడుతుండగా సూది నా చూపుడువేలి గోటిలోంచి దిగింది. దర్జీలకు అది మామూలే. మిషను ఆపి, వేలు లాక్కుని, గుడ్డపేలిక చుట్టుకుని మళ్లీ మొదలుపెడతారు. నేను ఆపలేదు. కాలు తొక్కుతూనే ఉంది. పక్క మిషను మీద పనిచేసే పెద్దాయన లేచి నా చక్రాన్ని చేత్తో పట్టుకుని ఆపాడు. "నీ వేలు కుడుతున్నవ్" అన్నాడు. నేను వేలు వైపు చూశాను. నొప్పి తెలియడం లేదు. కాలరు నిండా రక్తం. ఆ చొక్కా పాడైందే అని ఏడుపు మొదలైంది, ఇక ఆగలేదు. అంతమంది మగవాళ్ల ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను చేరిన తర్వాత ఆ సాలలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. పెద్దాయన నన్ను ఇంటి దాకా నడిపించుకుని వచ్చాడు.

తర్వాత కొన్ని వారాలు ఇంట్లో పడి ఉన్నాను. లేస్తే కాళ్లు వణికేవి. పడుకుంటే దడ. ఎవరైనా పలకరించడానికి వస్తే గోడ వైపు తిరిగేవాణ్ని. మగ్గం మీద బతికిన వాళ్ల ఇంట్లో పుట్టి, పనికి ఇలా భయపడే మనిషిని నేనొక్కణ్నే అనుకునేవాణ్ని.

అప్పుడే సిరిసిల్ల నుంచి మా బావమరిది అత్తమ్మను తీసుకొచ్చి మా ఇంట్లో దించాడు. ఆమెకు రెండు కళ్లలో పొరలు పెరిగాయి. వెలుగు, నీడ తెలుస్తాయి తప్ప మనిషి ఆనవాలు తెలియదు. పైగా కళ్లు ఎర్రబడి పుసులు కడుతున్నాయి. పంజాగుట్టలో ఒక బంగళా అవుట్‌హౌసులో, పటాలంలో పనిచేసి దిగిన ముసలి డాక్టరు కళ్లు చూస్తాడని ఎవరో చెప్పారట. బావమరిదికి మగ్గం మీద పడుగు ఎక్కించి ఉంది. మరునాడే వెళ్లిపోయాడు.

అత్తమ్మకు, నాకు అంతవరకు సరిగ్గా మాటలే లేవు. మా వైపు అత్తలు అల్లుడికి ఎదురుపడరు, కొంగు ముందుకు లాక్కుని తలుపు వెనక నుంచి మాట్లాడతారు. నన్ను నేరుగా నువ్వు అని గాని మీరు అని గాని ఎప్పుడూ అనలేదు. ఏదైనా చెప్పాలంటే, "అల్లుడు తిన్నడా? అల్లునికి చల్ల పొయ్యి" అని గాలికి చెప్పేది.

మొదటి రోజు పొద్దున నా భార్య కాజాల కుప్ప పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"అవ్వను పంజాగుట్టకు తీస్కపోవాలె. నేను పోతే పిల్లను, గీ చొక్కాలను ఎవ్వరు చూస్తరు? నువ్వే పోవాలె."

"నాకు నడువ శాతనైతలేదు."

"ఆమెకు కండ్లు లేవు, నీకు కాళ్లు లేవు. ఇద్దరు కలిసి పోండ్రి."

టాంగా పిలుద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. బండెక్కితే తల తిరిగి కక్కుకుంటుందట. చెయ్యి పట్టుకుని నడిపించడానికి నాకూ సంకోచమే, ఆమెకూ సంకోచమే. చివరికి నా భార్య ఒక వెదురు కట్టె తెచ్చి ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస నా చేతిలో పెట్టింది.

ఇంటి నుంచి నాలుగు అడుగులు వేశామో లేదో నా చేతిలో కట్టె బిగుసుకుంది. వెనక్కి తిరిగితే ఆమె ముందుకు తూలి నిలదొక్కుకుంటోంది. ఆగి మళ్లీ నడిచాను. మళ్లీ అదే. కాళ్లు వణుకుతున్నాయంటూ బయలుదేరిన నేను, నడక మొదలవగానే పరుగు లాంటి నడకలో పడ్డానని నాకు తెలియలేదు. తోట ప్రహరీ మలుపు దగ్గర ఆమె కట్టె వదిలేసి రోడ్డు పక్కన కూర్చుంది.

"అత్తమ్మా, ఏమైంది?"

ఆమె కొంగు సర్దుకుని గోడ వైపు ముఖం పెట్టి చెప్పింది. "అల్లుడు ఒక్కడే పోయి మందు ఏయించుకోని రమ్మను. నేను గీడ్నే కూసుంట."

"కండ్లు మీవి గదా."

"మరి కాళ్లు సుత నాయే. అల్లుని కాళ్లతోని నేను నడువ."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆమె అన్నదాంట్లో తప్పు కనిపించలేదు. నేనూ పక్కనే కాస్త దూరంగా కూర్చున్నాను. లంబాడీ ఆడవాళ్లు బంజారా గుట్టల నుంచి కట్టెలమోపులు నెత్తిన పెట్టుకుని పోతున్నారు. వాళ్లు కనుమరుగయ్యే దాకా అక్కడే ఉన్నాం. తర్వాత ఆమె చెయ్యి చాపింది. కట్టె కొస అందించాను. ఈసారి ఆమె అడుగు పడ్డాక నేను అడుగు వేశాను.

డాక్టరు వయసు మళ్లిన మనిషి. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేవాడు. అత్తమ్మ కనురెప్పలు విప్పి చూసి, "ఎడమ కన్ను పొర ఇంకా కచ్చా ఉంది. కుడిది కొంచెం పండింది. పూరా పండాలి. అప్పుడే ఆపరేషన్" అన్నాడు.

"ఎప్పుడు పండుతది సాబ్?" అన్నాను.

"అది మామిడిపండు కాదు, గడ్డిలో వేసి మాగబెట్టడానికి. తొందరపడితే కన్ను పోతుంది. ముందు ఈ ఎరుపు తగ్గాలి. రోజూ తీసుకురా, కడుగుతాను."

తిరుగు ముఖం పట్టబోతుంటే నన్ను పిలిచి కూర్చోమన్నాడు. నా పాదం వైపు చూస్తున్నాడు. నాడి పట్టుకున్నాడు, గుండె విన్నాడు, వేలికి ఉన్న కట్టు విప్పి చూశాడు. ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పాను. గుండె గట్టిదేనని, నరాలు అలసిపోయాయని అన్నాడు. మందు ఇవ్వమన్నాను. "రోజూ ఈమెను ఇట్లనే నడిపించుకుని రా. మిషను ముట్టకు" అన్నాడు. మందు ఇవ్వలేదని నాకు అసంతృప్తిగానే ఉంది. చేదుగా ఏదైనా ఒక సీసాలో పోసి ఇచ్చి ఉంటే జబ్బు ఉన్నట్టు నలుగురికీ చూపించుకునేవాణ్ని.

అలా మా నడక మొదలైంది. నేను ఒక్కణ్నే అయితే ఒక చుట్ట కాలేలోపు పంజాగుట్టలో ఉండేవాణ్ని. అత్తమ్మతో పొద్దెక్కేదాకా పట్టేది. ఆమె ఊరికే నడిచే మనిషి కాదు. ప్రతిదానికీ ఆగాలి. ఇటుకలు కాల్చే వాసన వస్తే ఎవరు కాలుస్తున్నారో తెలుసుకోవాలి. గేదెల మెడలో గంట మోగితే అది ఎవరిదో, ఎన్నో ఈతదో కాపరిని అడగాలి. ఒకచోట చల్ల అమ్మే ఆమెతో రోజూ పోట్లాట. చల్లలో నీళ్లు ఎక్కువయ్యాయని ఈమె, కళ్లు లేనామెకు నీళ్లెట్లా కనపడ్డాయని ఆమె. పోట్లాట అయ్యాక ఇద్దరూ కూర్చుని ఆకు నమిలేవారు. నేను పక్కన నిలబడేవాణ్ని. మొదటి వారం నిలబడటం కూడా నాకు నరకంగానే ఉండేది. పిడికిళ్లు బిగించుకునేవాణ్ని. అక్కడ సాలలో మిషన్లు ఆడుతున్నాయి, నేను ఇక్కడ ఆకు నమిలేవాళ్లకు కాపలా ఉన్నాను అనిపించేది.

ఆమె నన్ను ఏదో ఒకటి అడుగుతూ ఉండేది, గాలిని అడిగినట్టు.

"ఏందో గరగర అంటున్నది, ఏందది?"

"ఎండుటాకులు."

"ఏం చెట్టువి?"

చూడాలి కదా చెప్పడానికి. తల ఎత్తి చూసేవాణ్ని. అది కానుగచెట్టు. నేను ఆ చెట్టు కింద నుంచి ఎన్ని వందలసార్లు పోయి ఉంటానో, కానుగ అని తెలియదు. వాగు దాటే చోట నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పాలి. ఎవరు బట్టలు ఉతుకుతున్నారో చెప్పాలి. పంజాగుట్ట వైపు బండలు మొదలయ్యే చోట ఒక నున్నటి బండ ఉండేది. అక్కడ కూర్చోకుండా ఆమె ముందుకు కదిలేది కాదు. బండ మీద చెయ్యి ఆనించి, "ఇయ్యాల చల్లగున్నది" అనో, "కాగింది" అనో చెప్పేది. విమానం పైనుంచి పోతే అది పూర్తిగా వినపడకుండా పోయేదాకా తల ఎత్తే ఉంచేది. అందులో ఎందరు కూర్చుంటారని, వాళ్లకు దాహమైతే ఎట్లా అని అడిగేది. నాకు తెలియదనేవాణ్ని. "అల్లునికి సుత తెల్వనియి ఉన్నయి" అనేది. అది ఎత్తిపొడుపో సంతోషమో అర్థమయ్యేది కాదు.

ఒకరోజు ఆ బండ మీద కూర్చుని ఉండగా తనకు తానే చెప్పింది. మామగారు చనిపోయిన ఏడాది ఆమె ఇంట్లో ఎవరితో మాట్లాడకుండా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టిందట. ఇంట్లో మగ్గానికి కావలసినవి అయిపోయినా చుట్టిందట, పక్కిళ్ల మగ్గాలకు సైతం చుట్టిందట. తిండి తినమంటే గీ ఒక్క కండె అయినంక అనేదట.

"ఎందుకట్ల?" అన్నాను.

"చెయ్యి ఆగితే ఆయన యాదికొస్తడని."

"మరి ఎట్ల ఆపిండ్రు?"

"ఆపలే. చేతికి వాపొచ్చి అదే ఆగింది. ఆగినంక ఆయన యాదికొచ్చిండు. ఏడ్సిన. ఏడ్సి అన్నం తిన్న. గంతే."

నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నేను చెప్పడానికి అంత పెద్ద దుఃఖం కూడా నాకు లేదు. చిన్నప్పుడు మా ఇంట్లో మగ్గం ఆగిన రోజున పొయ్యి ఆగేది. కాలు ఆడుతుంటేనే కూడు అని నా ఒంటికి ఎక్కింది. కడుపు నిండాక కూడా ఆ మాట దిగలేదు. అది బండ మీద కూర్చున్నప్పుడు తట్టిన ఆలోచనే.

నెలా నెలన్నర గడిచేసరికి నేను పొద్దున ఎప్పుడు బయలుదేరుదామా అని చూసేవాణ్ని. పడుకుంటే నిద్ర పడుతోంది. అన్నం దిగుతోంది. ఒక సాయంత్రం నా కూతురు జామకాయ తెచ్చి నా ఒళ్లో కూర్చుని, దాన్ని ఎవరు కోసిచ్చారో, పురుగు ఎటువైపు ఉందో సాగదీసి సాగదీసి చెప్పింది. చివరిదాకా విన్నాను.

అప్పుడే సేట్ ఇంటికి వచ్చాడు. వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టాం.

"ఏం భాయ్, తబియత్ మంచిగైనట్టుంది. కొత్త ఆర్డర్ వచ్చింది. నువ్వు మిషన్ ఎక్కకు. అందరి మీద నిగా పెట్టు చాలు. నీ అంత చెయ్యి వాళ్లకు లేదు" అన్నాడు.

మంచి మనిషే. నన్ను తీసేసి ఇంకొకణ్ని పెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు. నాకు ఒళ్లంతా పొంగింది. నాలుగు రోజుల్లో వస్తానన్నాను. నా భార్య లోపలి నుంచి వింటోంది. సేట్ పోయాక, "నీ ఇష్టం" అంది.

వెళ్లాను. ముందు రెండు రోజులు చేతులు వెనక కట్టుకుని మిషన్ల మధ్య తిరిగాను. మూడోనాడు ఒక కుర్ర దర్జీ కాలరు అతికించలేక అవస్థ పడుతుంటే, జరుగు అని వాడి మిషను మీద కూర్చున్నాను. చూపించడానికే కూర్చున్నాను. లేవలేదు. వాడి వాటా అంతా కుట్టేశాను. ఆ వారం ముగియకముందే దడ తిరిగి వచ్చింది. మళ్లీ ఎవరో తరుముతున్నట్టే. మధ్యాహ్నం మిషన్లు ఆడుతుండగానే లేచి సేట్ దగ్గరికి పోయాను.

"సేట్, నేను ఇంటికి పోతున్న."

"జర ఆరాం తీస్కోని రా."

"ఇగ రాను. నాకు ఇది వశం కాదు."

"పాగల్ అయినవా? యుద్ధం ఉన్నన్నాళ్లే గీ పని."

"అందుకే. యుద్ధం ఎన్నాళ్లుంటదో నాకు తెల్వదు, నేను ఎన్నాళ్లుంటనో తెల్వదు."

అతను నా ముఖం చూసి తల ఊపాడు. తిట్టలేదు. బయటికి వచ్చాక నా ఒళ్లు చెమటతో తడిసి ఉంది. ఏదో ఘనకార్యం చేశానన్న భావన ఏమీ లేదు. భయమే ఉంది. రేపటి నుంచి ఏం చేయాలన్న భయం.

ఇంటికి వస్తే అత్తమ్మ అరుగు మీద ముడుచుకుని కూర్చుని ఉంది. ఆ వారం నా భార్యే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. "నా బిడ్డ మనిషి తీరు నడువది, గుర్రం తీరు ఉరుకుతది" అని గోడకు చెప్పింది. "రేపటి నుంచి అల్లుడే రావాలె."

చలికాలం మొదలయ్యేసరికి కుడి కన్ను పొర పండిందని డాక్టరు చీటీ రాసిచ్చాడు. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. ఆనాడు కంటి ఆపరేషన్ అంటే కోయడం ఒక వంతు, తర్వాత పడుకోవడం తొమ్మిది వంతులు. రెండు కళ్లకూ కట్లు కట్టి, తల కదలకుండా అటొకటి ఇటొకటి ఇసుక సంచులు పెట్టేవారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు, నమలకూడదు. వెల్లకిలా అలాగే రోజుల తరబడి ఉండాలి.

దారిలో చీమను కూడా పలకరించి పోయే మనిషి ఆ మంచం మీద ఒక్క పూట కూడా ఓర్చుకోలేకపోయింది. ఆగడం వేరు, కట్టిపడేయడం వేరు. చేతులు దుప్పటిని పీకుతున్నాయి. "గీ సంచుల నడుమ పీనుగలెక్క ఎన్నాళ్లు పండాలె? తీసెయ్యుండ్రి" అని గొణుగుతోంది. నర్సు వచ్చి తల కదిలితే కన్ను పోతుందని గట్టిగా చెప్పి పోయింది. అత్తమ్మ పెదవులు వణకడం చూశాను. ఆమె భయపడటం నేను చూడటం అదే మొదలు.

ఏం చేయాలో తోచలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని, "అత్తమ్మా, పంజాగుట్ట పోదాం" అన్నాను. "ఇంట్ల నుంచి బయటపడ్డం. గోడ మలుపు కాడ ఉన్నం. లంబాడోళ్లు కట్టెలు తెస్తున్నరు." ఆమె చేతులు ఆగాయి. కానుగచెట్టు, గేదెలు, చల్ల ఆమె, వాగు, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. వాగులో నీళ్లు మడమల దాకా ఉన్నాయన్నాను. ఇటుకబట్టీ ఇవాళ కాలడం లేదన్నాను. చెబుతూ చెబుతూ డాక్టరు బంగళా గేటు దాకా వచ్చేశాను.

"బండ కాడ ఆగలే నువ్వు" అంది.

నన్ను నువ్వు అనడం ఆమె గమనించిందో లేదో. నేను వెనక్కి వెళ్లి బండ దగ్గర ఆగాను. చల్లగా ఉందని చెప్పాను. రోజూ పొద్దునా సాయంత్రం అలా నడిచాం. పక్క మంచం మీద పడుకున్న ఒక ముసలాయన కూడా కట్లతోనే మాతోపాటు వచ్చేవాడు. చల్ల ఎట్లా ఇచ్చిందని మధ్యలో అడిగేవాడు.

కట్లు విప్పాక, మందపాటి అద్దాలు పెట్టాక, ఆమెకు కుడి కంటితో చూపు వచ్చింది. అమీర్‌పేట తిరిగొచ్చిన కొన్నాళ్లకు ఆ దారి కళ్లతో చూడాలని పట్టుబట్టింది. కట్టె లేకుండా బయలుదేరాం. ఈసారి నేను వెనకబడిపోయాను. ఆమె ముందు ముందు చకచకా నడుస్తూ అన్నీ చూసింది. బండ ఇంత చిన్నదా అంది. చల్ల ఆమెను చూసి, నీ గొంతు విని ఇంత లావు మనిషివి అనుకున్న, ఇంతేనా అంది. ఇద్దరూ మళ్లీ పోట్లాడుకున్నారు. పది రోజుల్లో సిరిసిల్ల బస్సెక్కి వెళ్లిపోయింది. తల తిరగకుండా ఉండాలని నిమ్మకాయ చేతిలో పట్టుకుని కూర్చుంది.

నేను ఇంటి ముందరి గదిలో ఒక మిషను వేసుకుని చిన్న కుట్టుపని మొదలుపెట్టాను. పిల్లల లాగులు, ఆడవాళ్ల రవికలు, పండుగలకు షేర్వాణీలు. ఎంత కుట్టగలనో అంత ఒప్పుకునేవాణ్ని. ఎవరైనా రేపటికల్లా కావాలంటే వేరే దుకాణం చూపించేవాణ్ని. మధ్యాహ్నం కాసేపు తలుపు దగ్గరగా వేసి నడుం వాల్చేవాణ్ని. సంపాదన తగ్గింది. రెండో గది వదులుకోవలసి వచ్చింది. దర్జీకి బద్ధకం పట్టిందని వాడలో అన్నారు. ఆ మాట కొన్నాళ్లు గుచ్చుకుంది. దడ కూడా పూర్తిగా పోలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. వచ్చినప్పుడు చక్రం మీద చెయ్యి వేసి ఆపి, బయటికి వెళ్లి కాసేపు నడిచి వస్తాను.

నేను కుదుటపడ్డానని అనుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నడుం వాల్చబోతుంటే నా భార్య కాజాల సూది నేలకేసి కొట్టింది. సేట్ పని ఆమె ఇంకా చేస్తూనే ఉంది. నేను మానేశాను గాని ఆమె మానలేదు. మానమని నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

"నువ్వు నిమ్మళమైనవ్" అంది. "పండుకుంటున్నవ్, నడుస్తున్నవ్, పిల్ల ముచ్చట ఇంటున్నవ్. నీళ్లు నేనే తేవాలె, వంట నేనే, గీ కాజాలు నేనే. నాకు దడ రాదనుకున్నవా?"

మా వైపు నిమ్మళం అనే మాటను నెమ్మదికీ వాడతారు, జబ్బు నయం కావడానికీ వాడతారు. నాకు రెండూ దొరికాయి. ఆమె వంతు ఏమైందని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మరునాడు మిగిలిన చొక్కాలు మూటగట్టి సేట్ దగ్గర ఇచ్చేసి వచ్చాను. బావి నీళ్లు పొద్దున నేనే చేదాను. మగవాడు కడవ ఎత్తుకోవడం చూసి వాడ ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కొన్నాళ్లకు వాళ్లకు అలవాటైంది. మొదట్లో నా భార్యకు చేతిలో పని లేకుండా కూర్చోవడం రాలేదు. అరుగు మీద కూర్చునేది, లేచేది, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. తర్వాత్తర్వాత కూర్చోగలిగింది. మధ్యాహ్నాలు గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, తోట మీదుగా వచ్చే గాలికి కళ్లు మూసుకునేది. నేను ఏదో చెప్పబోతే, "జర ఊకో. తర్వాత చెప్పు" అనేది. నేను ఊరుకునేవాణ్ని.